చెయ్యి ఆపరేషన్‌కి ‘కరెంట్ పెట్టి మత్తు’ ఇస్తారంట, షాక్ కొడుతుందా?

మణికట్టు విరిగింది, ప్లేట్ వేయాలి, కాలర్ బోన్ పైన సూది గుచ్చి, కరెంట్ పెట్టి చెయ్యి వరకే మత్తు ఇస్తామన్నారు, భయంగా ఉంది అని అడిగారు కదా. నేను తొమ్మిదేళ్ళుగా ఓటీలో మత్తు టెక్నీషియన్‌ని, ఆ కరెంట్ మిషన్ నాబ్ తిప్పేది నేనే.

మత్తు ఇచ్చేది కరెంట్ కాదండీ, మందే. నరం ఎక్కడుందో వెతకడానికే కరెంట్. మిషన్ చేతిలో పట్టేంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. ఒక వైరు సూదికి, ఇంకోటి ఒంటి మీద అంటించిన ఈసీజీ స్టిక్కర్‌కి. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర మొదలుపెడతాం, సెకనుకి రెండుసార్లు చొప్పున. సూది నరం దగ్గరికి చేరగానే మీరు ఆడించకుండానే మీ వేళ్ళు ముడుచుకుంటూ ఉంటాయి. డాక్టర్ ‘తగ్గించు’ అంటారు, నేను 0.8, 0.6, 0.5 అని పైకి చదువుతూ తగ్గిస్తాను. 0.5 దగ్గర కూడా వేళ్ళు ఆడితే చోటు దొరికినట్టే. 0.2 కన్నా తగ్గించినా ఇంకా ఆడుతుంటే మాత్రం మాకు టెన్షన్, సూది నరంలోకే దూరిందేమోనని కాస్త వెనక్కి లాగుతారు. ఒక్క ఎంఎల్ మందు వెళ్ళేసరికి ఆడే వేళ్ళు ఠక్కున ఆగిపోతాయి, ఇన్నేళ్ళయినా అది చూడటం నాకిష్టం.

ఒకసారి నాబ్ ఎంత పెంచినా వేలు కదల్లేదు, డాక్టర్ నన్నే చూస్తున్నారు, తీరా చూస్తే చెమటకి స్టిక్కర్ ఊడిపోయింది. తిట్లు తిన్నాననుకోండి.

షాక్ కొట్టినట్టు ఉండదు, లోపల ఎవరో గుంజినట్టు ఉంటుంది. కాకపోతే విరిగిన చెయ్యి కదా, వేళ్ళు ఎగిరినప్పుడల్లా విరిగిన చోట నొప్పి పుడుతుంది. ఈ మాట చాలామంది ముందు చెప్పరు. కాబట్టి బ్లాక్‌కి, అంటే చెయ్యి వరకే ఇచ్చే ఈ మత్తుకి ముందే నొప్పికి ఏమైనా ఇవ్వమని అడగండి, నరాన్ని తెర మీద చూపించే అల్ట్రాసౌండ్ కూడా ఉందేమో కనుక్కోండి. పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. మందు ఎక్కించేటప్పుడు చేతిలోకి జివ్వుమని భరించలేని నొప్పి లాగితే ఓర్చుకోకుండా వెంటనే అరిచి చెప్పండి, వాళ్ళు ఆపుతారు.

పూర్తిగా పట్టడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తర్వాత చాలా గంటలు చెయ్యి మొద్దులా పడి ఉంటుంది, స్లింగ్‌లోనే ఉంచండి, వేడి తగిలినా తెలీదు. రాత్రి మత్తు దిగేలోపే నొప్పి మాత్ర వేసుకోండి. మా పేషెంట్ ఒకాయన అర్ధరాత్రి తన చెయ్యే తగిలి, పక్కలో ఇంకెవరో ఉన్నారని కేకేశాడు.