ఫాంట్ సాఫ్ట్‌వేర్ కొనడానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ను. లోగోలతో పాటు ఫాంట్లు కూడా తయారు చేస్తాను. ఇప్పుడు క్లయింట్లు వేరియబుల్ ఫాంట్లు (సన్నని రూపం నుంచి మందపాటి రూపం దాకా అన్నీ ఒకే ఫైలులో ఉండేవి), ప్రత్యామ్నాయ అక్షర రూపాలు, వత్తులన్నీ సరిగ్గా కుదిరే ఓపెన్‌టైప్ ఫీచర్లు (అక్షరాలు ఎలా కలవాలో ఫాంటులోనే రాసే నియమాలు) అడుగుతున్నారు. నా పాత సాఫ్ట్‌వేర్‌తో ఆ పని కావడం లేదు. ఫాంట్లు తయారు చేసే గ్లిఫ్స్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు, అది నడవడానికి మ్యాక్ కంప్యూటర్, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా, ఈ మూడూ వ్యక్తిగత రుణంతో తీసుకోవాలనుకుంటున్నాను. వాయిదా నా నెల ఖర్చులో నాలుగో వంతు ఉంటుంది, రెండేళ్లు కట్టాలి. రుణం చాలకపోతే మిగతాది క్రెడిట్ కార్డుపై పెడతాను. బ్యాంకులో నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది. ఇద్దరు క్లయింట్లు పని ఇస్తామన్నారు. నా నిర్ణయం సరైనదేనా?

జవాబు: కాదు. స్వయం ఉపాధిలో ఉన్నవారిలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను. గిరాకీ ఉందని తెలియగానే అది ఆదాయమన్నట్టు లెక్క వేసుకుని అప్పుకు సంతకం పెడుతున్నారు. ‘పని ఇస్తాం’ అన్న మాటకూ, మీ ఖాతాలో పడిన అడ్వాన్సుకూ ఎంత దూరముందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాయిదా మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది.

ముందు మీ నాలుగు నెలల డబ్బు సంగతి చూద్దాం. నెల జీతం వచ్చేవారికి ఆరు నెలల అత్యవసర నిధి చాలంటాను. మీలాగా ఒక నెల వచ్చి మరో నెల రాని ఆదాయమైతే పన్నెండు నెలలకు తగ్గకూడదు. అంటే మీరు ఇప్పటికే ఎనిమిది నెలలు వెనకబడి ఉన్నారు. పైగా వాయిదా మొదలైన రోజున మీ నెల ఖర్చు పావు వంతు పెరుగుతుంది కాబట్టి, ఒక్క పైసా తీయకపోయినా ఆ నాలుగు నెలల నిధి మూడు నెలల చిల్లరకు దిగిపోతుంది. పన్నెండు నెలల రక్షణకు ఇప్పటి లెక్కలో పదిహేను నెలల ఖర్చు కూడబెట్టాల్సి వస్తుంది.

ఇంకో లెక్క కూడా వేయండి. నెలకు నాలుగో వంతు చొప్పున 24 వాయిదాలంటే మొత్తం ఆరు నెలల ఖర్చు. అంత కట్టగల స్తోమత మీకు నిజంగా ఉంటే, అదే మొత్తాన్ని ప్రతి నెలా మీ పేరిటే పక్కన పెట్టండి. రెండేళ్లకు నిధి పది నెలలకు చేరుతుంది. ప్రతి నెలా అంత పక్కన పెట్టలేనంటారా? అయితే ఆ వాయిదా కూడా కట్టలేరు.

మీ వృత్తిలో ఈ నిధి కేవలం జబ్బు చేస్తేనో, పని పోతేనో ఆదుకునే డబ్బు కాదు, అదే మీ పెట్టుబడి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్నే తీసుకోండి. స, త వత్తు, ర వత్తు, గుడి దీర్ఘం ఒకదానితో ఒకటి ఢీకొనకుండా కూర్చోవాలి. ఇలాంటి సంయుక్తాక్షరాలు వందల్లో ఉంటాయి, ప్రతిదానికీ నియమం రాసి పరీక్షించాలి. వేరియబుల్ ఫాంటయితే సన్నని రూపంలోనూ మందపాటి రూపంలోనూ అక్షరపు గీతను నిర్ణయించే బిందువుల సంఖ్య, వరుస సరిపోలాలి. ఒక్క బిందువు ఎక్కువైనా మధ్య రూపాలు తయారు కావు. సాఫ్ట్‌వేర్ ఆ తప్పును చూపిస్తుంది, దిద్దే పనిలో ఎక్కువ భాగం మీదే. ఎంత ఖరీదైన లైసెన్సు కొన్నా ఆ నెలల శ్రమ తప్పదు. ఆ నెలల్లో ఇల్లు గడవాలి. అందుకు కావలసిన డబ్బునే మీరు వాయిదాలకు ధారపోస్తానంటున్నారు.

ఈ నెలలో కొనకపోతే అవకాశం చేజారుతుందన్న తొందర కూడా అక్కర్లేదు. అడోబి, యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి వేరియబుల్ ఫాంట్లను ప్రకటించింది 2016లో. ఓపెన్‌టైప్ అంతకు ఇరవై ఏళ్లు పాతది. ఆరు నెలల్లో ఇవి ఎక్కడికీ పోవు.

ఇక కొనుగోలు సంగతి. చందా అన్నిటికంటే ముందు కొట్టేయండి, ఫాంట్ సాఫ్ట్‌వేర్‌లోనే గీసే సాధనాలుంటాయి. చందా కట్టడం ఆపిన రోజున ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయడం కూడా ఆగిపోతుంది. కొత్త కంప్యూటర్ కూడా వద్దు. గ్లిఫ్స్ మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది కానీ, అలాంటిదే అయిన ఫాంట్‌ల్యాబ్ విండోస్‌లోనూ నడుస్తుంది. రెండింటికీ ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే లైసెన్సులున్నాయి, కొత్త వెర్షన్ వచ్చిందని వెంటనే మారాల్సిన పని లేదు. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ సాఫ్ట్‌వేర్ అయితే ఉచితం. ఓపెన్‌టైప్ నియమాలను మామూలు టెక్స్ట్ ఫైలులోనే రాసుకోవచ్చు, వేరియబుల్ ఫాంటు తయారీకి ఫాంట్‌మేక్ అనే ఉచిత సాధనం ఉంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు కష్టపడాలి, అప్పు తీర్చే రెండేళ్ల కష్టంతో పోలిస్తే అది తక్కువే.

పని ఇస్తామన్న ఆ ఇద్దరి దగ్గరకు ఈ వారమే వెళ్లండి. ఏ ఏ ఫీచర్లు కావాలో కాగితంపై రాయించుకుని, సగం అడ్వాన్సు అడగండి. ఇచ్చినవారి డబ్బుతో లైసెన్సు ఒక్కటి కొనండి. ఇవ్వనివారి మాట నమ్మి అప్పు చేయాలనుకున్నారని గుర్తుంచుకోండి. ఒప్పందంలో వాడకపు హక్కులను విడదీయండి. ముద్రణకు, వెబ్‌సైట్‌కు, యాప్‌కు వేర్వేరుగా రుసుము పెట్టండి. ఫాంటుపై హక్కు మీ దగ్గరే ఉంచుకుంటే అదే ఫాంటును మరొకరికీ ఇవ్వగలుగుతారు.

క్రెడిట్ కార్డు ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి. నెలకు 3 శాతమని వినడానికి చిన్నగా ఉంటుంది, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. మీరు అమ్మే ఏ ఫాంటూ అంత రాబడి ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రుణం చాలకపోతే కార్డు, కార్డు చాలకపోతే ఇంకొకటి అనుకుంటూ పోయినవారి లెక్కలు చక్కదిద్దడానికి ఏళ్లు పడుతుంది.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. లేకపోతే లైసెన్సు కంటే ముందు అది తీసుకోండి. నిధి ఆరు నెలలకు చేరేదాకా షేర్లు, ఫండ్ల జోలికి వెళ్లవద్దు. మ్యాక్ మీద అంతగా మనసుంటే, నిధి పన్నెండు నెలలు దాటాక పైన మిగిలిన డబ్బుతో, ఒకేసారి చెల్లించి కొనుక్కోండి.