అమ్మాయి క్యారెక్టర్ ఆర్టిస్ట్ అవుతానంటోంది, ఒప్పుకోవాలా వద్దా? (తెనాలి నుంచి ఒక నాన్నగారి ప్రశ్న)

నమస్తే అండి. మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతా పేరెంట్స్ కూడా చదువుతారు కదా. పాప బీకాం సెకండియర్, కాలేజీ నాటకంలో ముసలమ్మ వేషం వేసి ప్రైజ్ తెచ్చుకుంది, ఇప్పుడు నటనే నేర్చుకుంటా అంటోంది. చుట్టాలేమో ఈ మొహానికి హీరోయిన్ వేషాలు ఎవరిస్తారు అంటున్నారు, తనేమో నాకసలు హీరోయిన్ వద్దు, పాత హాలీవుడ్ లో థెల్మా రిట్టర్ అని ఒకావిడ ఉంది, అలా అవుతా అంటోంది. మీరు వెతికి చూస్తే ఆవిడకి 6 సార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చి ఒక్కసారీ గెలవలేదని కనపడింది, గెలవని ఆవిడని పట్టుకుని వేలాడుతోందేంటండీ, దీంతో కూడు దొరుకుతుందా అని అడిగారు.

మీ పాప చాలా మంచి మనిషిని ఎంచుకుంది సార్, ముందు అది చెప్పాలి.

థెల్మా రిట్టర్ 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్ లో పుట్టింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్ లో నటన నేర్చుకుంది, తర్వాత వారానికో నాటకం మార్చి ఆడే స్టాక్ కంపెనీల్లో పనిచేసింది. 1927లో పెళ్ళి, భర్త జోసెఫ్ మొరాన్ కూడా నటుడే. ఇద్దరూ నటులైతే ఇల్లు గడవడం కష్టం, ఆయన నటన వదిలేసి ఆ తర్వాత అడ్వర్టైజింగ్ లో స్థిరపడ్డాడు, ఈవిడ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ స్టేజీకి దూరమై, వాళ్ళు కాస్త పెద్దయ్యాక రేడియో నాటకాల్లో చేసింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే పాపకి ఈ భాగం ఎవరూ చెప్పి ఉండరు. ఆవిడ అన్నేళ్ళు ఓపిగ్గా ఉండగలిగిందంటే ఇంట్లో ఇంకొక జీతం ఉంది, అది లేకపోతే ఈ కథ ఇలా నడిచేది కాదేమో.

సినిమా ఎప్పుడొచ్చిందో తెలుసా, 45 ఏళ్ళకి. 1947లో మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్ అనే సినిమా, డైరెక్టర్ జార్జ్ సీటన్ వీళ్ళకి తెలిసినాయనే. క్రిస్మస్ ముందు షాపులన్నీ తిరిగి కాళ్ళు పీకేసిన ఒక తల్లి వేషం, కొడుక్కి బొమ్మ ఫైరింజన్ కావాలి, అది ఎక్కడా దొరకట్లేదు, మేసీస్ షాపులో కూర్చున్న శాంటా తాత పిల్లాడికి ఇప్పిస్తానని మాటిచ్చేస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది, ఆయనేమో అది ఫలానా వేరే షాపులో దొరుకుతుందమ్మా అని చెప్తాడు, ఆవిడ నోరెళ్ళబెడుతుంది. అంతే వేషం, టైటిల్స్ లో పేరు కూడా లేదు. కానీ ఆ కాస్త చూసే ఫాక్స్ స్టూడియో పెద్ద డారిల్ జానక్ ఆవిడ్ని కాంట్రాక్ట్ లోకి తీసుకున్నాడు. ఒకటి రెండు నిమిషాల వేషమే కానీ ఆ అలసట, ఆ విసుగు నిజం మనిషివి, అంతకు ముందు 20 ఏళ్ళ స్టేజీ, రేడియో, సంసారం అన్నీ అందులో ఉన్నాయి అని నాకు అనిపిస్తుంది.

1950లో ఆల్ అబౌట్ ఈవ్. పెద్ద నటి దగ్గర డ్రెస్సులు చూసుకునే బర్డీ వేషం. మంచిపిల్లలా ఇంట్లోకి వచ్చిన ఈవ్ ని అందరికంటే ముందు అనుమానించేది బర్డీయే. దానికి మొదటి నామినేషన్, అక్కడి నుంచి 1953 సినిమాల దాకా వరసగా నాలుగేళ్ళు, మళ్ళీ 1959, 1962 సినిమాలకి. ఉత్తమ సహాయ నటి విభాగంలో 6 నామినేషన్లు ఇప్పటికీ రికార్డే సార్, ఇంకెవరికీ అన్ని లేవు. దీన్ని ఓటమి అని ఎలా అంటాం చెప్పండి? పైగా 1958లో న్యూ గర్ల్ ఇన్ టౌన్ అనే మ్యూజికల్ నాటకానికి టోనీ అవార్డు (అమెరికా నాటకాలకి ఆస్కార్ లాంటిది) వచ్చింది, అదే నాటకంలో చేసిన గ్వెన్ వెర్డన్ తో సమానంగా, అదీ సహాయ నటిగా కాదు, ఉత్తమ నటిగా.

పాపతో కలిసి మీరు రెండు సినిమాలు చూడండి. ఒకటి 1954లో హిచ్ కాక్ తీసిన రియర్ విండో, అందులో కాలు విరిగిన హీరోకి మసాజ్ చేసే ఇన్సూరెన్స్ కంపెనీ నర్సు ఈవిడే, అతను టిఫిన్ తింటుంటే ఎదురింట్లో హత్య ఎలా జరిగి ఉంటుందో వివరంగా చెప్పి తినకుండా చేస్తుంది. రెండోది 1953లో పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్, మో అనే ముసలావిడ, వీధుల్లో టైలు అమ్ముకుంటూ పోలీసులకి సమాచారం ఇచ్చి డబ్బు తీసుకుంటుంది, ఆ డబ్బంతా దేనికంటే చచ్చాక దిక్కులేని వాళ్ళ శ్మశానంలో పడెయ్యకుండా తనకంటూ ఒక సమాధి చోటు కొనుక్కోడానికి. చివర్లో అలిసిపోయి మంచం మీద కూర్చుని, చంపడానికి వచ్చిన వాడితో మాట్లాడే సీను చూశాక మీరే చెప్పండి అది చిన్న వేషమా అని. మన సూర్యకాంతం గారు గుండమ్మ కథలో ఏం చేశారో మీకు నేను చెప్పక్కర్లేదు కదా, ఆ సినిమాకి పేరే ఆవిడ పాత్రది.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. థెల్మాకి వచ్చినవి చాలా వరకు పనిమనిషి, నర్సు, గయ్యాళి తల్లి ఇలాంటివే. 1951లో ద మేటింగ్ సీజన్ లో కథంతా ఆవిడ చుట్టూనే తిరుగుతుంది, కోడలు ఈవిడ్ని అత్తగారని తెలియక వంటమనిషి అనుకుంటుంది, అయినా నామినేషన్ సహాయ నటి కిందే వచ్చింది. ఒకే మూసలో పెట్టేస్తారు, దానికి మనసు గట్టిగా ఉండాలి. అందం గురించి చుట్టాల మాటలు మాత్రం దయచేసి పాప ముందు ఇంట్లో మీరు అనకండి, ఆ మాట నాన్న నోట్లోంచి వస్తే మానదు.

ఇక ఏం చెయ్యాలంటే, డిగ్రీ ఆపొద్దు, పూర్తి చెయ్యనివ్వండి. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి డిగ్రీ కావాలి, కొన్ని నాటకాల్లో చేసిన అనుభవం కూడా అడుగుతారు, ఏటా నోటిఫికేషన్ చూసుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, మన భాష వాళ్ళ మధ్య నేర్చుకోవచ్చు, నన్నడిగితే ముందు అది చూడమంటాను. ఈలోగా తెనాలిలోనే నాటకాల వాళ్ళతో చేరమనండి, పరిషత్తు పోటీలకి తీసుకెళ్ళండి, వేషం ఎంత చిన్నదైనా వదలొద్దు. బీకాం ఎలాగూ చదువుతోంది కాబట్టి అకౌంట్స్, జీఎస్టీ పని గట్టిగా నేర్చుకుంటే రేపు వేషాలు లేని నెలల్లో అదే అన్నం పెడుతుంది, థెల్మా ఇంట్లో భర్త జీతం చేసిన పని మీ పాపకి తన చేతిలోనే ఉంటుంది, అది ఇంకా మంచిది. పోర్ట్ ఫోలియో, ఛాన్స్ ఇప్పిస్తాం అని ముందే డబ్బులడిగే వాళ్ళకి మాత్రం రూపాయి కట్టకండి.

ఫైనల్ ఇయర్ పరీక్షలయ్యేలోపు పాప ఎన్ని నాటకాల్లో చేసిందో, ఏ ఏ వేషాలో ఒక నోట్ బుక్ లో రాసి పెట్టమనండి, కరపత్రాలు, ఫోటోలు, సర్టిఫికెట్లు దాచమనండి. అవి పట్టుకుని ఇద్దరూ మళ్ళీ నాకు రాయండి, అప్లికేషన్ సంగతి అప్పుడు కూర్చుని చూద్దాం.