కాలానికొక కోక

ప్రశ్న: వినాయక చవితి వెళ్లిన వారంలో కొండపల్లి ఖిల్లా దారిలో, చెట్ల నీడన, గోధుమరంగు సీతాకోకచిలుకను చూశాను. మూసిన రెక్కల అంచున వరుసగా కళ్లలాంటి మచ్చలున్నాయి. మాఘంలో అక్కడే, అంత పరిమాణంలోనే ఇంకొకటి కనిపించింది కాని దానికి ఆ మచ్చలు లేవు, అచ్చం ఎండుటాకే. ఇవి రెండు జాతులా? మొన్న అలాంటిదే మా ఇంట్లో ట్యూబులైటు దగ్గరకు వస్తే, మా అత్తగారు అది ఉత్త రెక్కల పురుగు (మాత్) అన్నారు. ఫొటోలు పంపుతున్నాను. (ఒక పాఠకురాలు, గొల్లపూడి)

జవాబు: మీ మొదటి రెండు ఫొటోల్లోనివీ ఒకే జాతివి. ఇంగ్లీషులో కామన్ ఈవినింగ్ బ్రౌన్ అని పిలిచే దీనికి 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ‘లీడా’ అన్న పేరు నేటికీ శాస్త్రనామంలో (మెలానిటిస్ లీడా) నిలిచి ఉంది. సీత కోకను తలపించే ఈ ప్రాణుల్లో కాలాన్నిబట్టి కోక మార్చేవాటిలో ఇదొకటి. అయితే ఒకే చిలుక తన రెక్కల రంగు మార్చుకోదు. గొంగళిపురుగు ఏ వాతావరణంలో, ముఖ్యంగా ఎంత వెచ్చదనంలో పెరిగిందన్నదాన్నిబట్టి, ప్యూపా నుంచి వెలువడే చిలుక రూపం ముందే నిర్ణయమైపోతుంది. వానాకాలంలో పచ్చని గడ్డి నడుమ ఆకువేషం అంతగా పనికిరాదు కనుక, పిట్ట ముక్కు శరీరానికి బదులు రెక్క అంచున పడేలా ఆ కంటిమచ్చలు దారి మళ్లిస్తాయి. అంచు చిరిగినా చిలుక ఎగిరిపోగలదు. కొండపల్లిది ఆకురాల్చే అడవి. నేలంతా ఎండుటాకులు పరుచుకునే రోజుల్లో కదలకుండా పడి ఉండటానికి మించిన రక్షణ లేదు, అప్పుడు కంటిమచ్చ ఉంటే పట్టిచ్చేస్తుంది. ఆ కాలపు చిలుకల్లో ఏ రెండింటి రెక్కల అడుగుభాగమూ ఒకేలా ఉండకపోవడం కూడా అందుకే కావచ్చుననిపిస్తుంది: రాలిన ఆకులు మాత్రం ఒకేలా ఉంటాయా!

గుర్తుపట్టడానికి రెండు రూపాల్లోనూ మారని ఆనవాలు ముందురెక్క పైభాగాన, కొనకు దగ్గరగా ఉంటుంది: నల్లని మచ్చ, అందులో రెండు తెల్ల చుక్కలు, పక్కన నారింజరంగు. వాలినప్పుడు రెక్కలు మూసేస్తుంది కనుక అది కనిపించేది ఎగిరినప్పుడు మాత్రమే. పగలు నీడలో దాగి, అడుగు దగ్గరపడితే కాస్త దూరం ఎగిరి మళ్లీ ఆకుల్లోనే పడిపోతుంది, చురుకుదనమంతా మునిమాపువేళే. పూలకన్నా కుళ్లిన పండ్ల రసమే దీనికి ఇష్టం. వేసవిలో పెరట్లో బాగా మగ్గిన రసాల మామిడిపండు ఒకటి వదిలి, దీపాలు పెట్టే వేళ చూడండి.

మీ అత్తగారి మాట తీసిపారేయదగినది కాదు. సంధ్యవేళ తిరిగి, దీపానికి వచ్చే సీతాకోకచిలుకలు అరుదు. తేడా మీసాల్లో ఉంది: సీతాకోకచిలుక మీసం కొన గుండుసూది తలలా ఉబ్బి ఉంటుంది, రెక్కల పురుగుకు చాలావరకు దారంలానో ఈకలానో ఉంటుంది. మీ మూడో ఫొటోలో మీసాల కొనలు ఉబ్బే ఉన్నాయి.

అడవి చిలుక ఇంటికెలా వచ్చిందంటారా? దీని గొంగళిపురుగు తినేది గడ్డిజాతి మొక్కలను, వాటిలో వరి కూడా ఉంది. ఆకుపచ్చని ఒళ్లు, తలమీద రెండు కొమ్ములు, వెనుక రెండు తోకలు ఉన్న పురుగు మీ కాలువగట్టు గడ్డిలో కనిపిస్తే అది ఇదే కావచ్చు.