గుళ్లు వంద, జింక మాత్రం పరుగు

ప్రశ్న: అన్నా, ‘ద హంటర్: కాల్ ఆఫ్ ద వైల్డ్’ అనే వేట గేమ్‌ని డిస్కౌంట్‌లో కొన్నాను. నాకు మొదటి నుంచీ షాట్‌గన్ అంటేనే ఇష్టం. ఎనభై మీటర్ల నుంచి జింకను కొడితే నేల మీద రక్తం చుక్కలు కనిపిస్తాయి గాని జింక దొరకదు. అరగంట వెతికి ఊరుకోవడమే. చేతిలో ఐదు పెర్క్ పాయింట్లు (తుపాకి వాడకాన్ని మెరుగుపరుచుకునే పాయింట్లు) ఉన్నాయి. అన్నీ షాట్‌గన్‌కే పెట్టేయమని మా రూమ్మేట్ అంటున్నాడు. పెట్టేదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కావలి

జవాబు: పెట్టబాక తమ్ముడూ. ఇప్పుడే అసలు పెట్టబాక. ఆ తప్పు నేను చేసి ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఈ గేమ్ 2017లో వచ్చింది. కొన్న మొదటి వారంలోనే నాకు వచ్చిన పాయింట్లన్నీ షాట్‌గన్ చెట్టుకి, అంటే కొమ్మలు కొమ్మలుగా ఉండే దాని పెర్క్‌ల పట్టీకి ధారపోశాను. పేల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నే తన్ను తగ్గింది, చేతిలో కుదురుగా నిలబడింది, అంతా బాగుంది. జింక మాత్రం మీ జింక లాగే పోయింది. రైఫిల్ తీసుకుంటే దానికి ఒక్క పెర్క్ లేదు. రెండు నెలలు అట్లాగే అఘోరించాను.

నీ సమస్య పెర్క్ కాదు, ఎనభై మీటర్లు. షాట్‌గన్‌లో సన్న గుళ్ల (చిన్న చిన్న గుండ్ల) తూటా, లావు గుళ్ల తూటా, ఒకే పెద్ద గుండు ఉండే స్లగ్ అని మూడు రకాలు ఉంటాయి. సన్న గుళ్లు బాతులకీ కుందేళ్లకీ. అవి బరువు తక్కువ కాబట్టి గాలి వాటిని తొందరగా ఆపేస్తుంది. ముప్పై మీటర్లు దాటేసరికి ఒకదానికొకటి దూరంగా చెదిరిపోతాయి, ఊపు కూడా పోతుంది. ఎనభై మీటర్ల దగ్గర నీ జింకకి రెండో మూడో తగిలి ఉంటాయి, అవీ తోలు కింద ఆగి ఉంటాయి. అందుకే రక్తం చుక్కలు ఉంటాయి, జింక ఉండదు. లావు గుళ్లైతే నేను ఇరవై అయిదు మీటర్ల వరకే నమ్ముతాను. స్లగ్ అయితే యాభై. ఇవి గేమ్ వాళ్లు చెప్పిన లెక్కలు కావు. ఎన్నో జింకల్ని పోగొట్టుకున్నాక నేను గీసుకున్న గీతలు.

ఇంకో సంగతి. ఈ గేమ్‌లో ప్రతి జంతువుకీ 1 నుంచి 9 వరకు ఒక తరగతి నంబరు ఉంటుంది. బాతు, కుందేలు 1. నక్క 2. తెల్లతోక జింక 4, అడవిపంది 5, నల్ల ఎలుగు 7, మూస్ అనే పెద్ద జింక 8, బైసన్ అనే అడవిదున్న 9. ప్రతి తూటా వివరాల్లో అది ఏ తరగతులకి పనికొస్తుందో రాసి ఉంటుంది. కొనేముందు ఆ నంబరు చూడు. తరగతికి సరిపడని తూటాతో కొడితే, జంతువు పడినా ట్రోఫీ విలువ తగ్గిపోతుంది. పడిన జంతువు దగ్గరికి వెళ్లి చూస్తే గుండు ఎటు నుంచి వెళ్లి ఏ అవయవానికి తగిలిందో తెర మీద బొమ్మ వస్తుంది. చాలామంది దాన్ని గబగబా నొక్కేసి ముందుకు పోతారు. నువ్వు మాత్రం ఒక నిమిషం ఆగి చూడు. గుండెకో ఊపిరితిత్తులకో తగలకపోతే ఎందుకు తగల్లేదో ఆ బొమ్మే చెబుతుంది.

ఇక పాయింట్ల మాట. పెర్క్ పాయింట్లు వేరు, స్కిల్ పాయింట్లు వేరు. ఒకదాన్ని ఇంకోదానికి వాడలేం. పెర్క్‌లు తుపాకికి, స్కిల్స్ మనిషికి. ఆఖరి లెవెల్ అయిన 60కి చేరినా అన్ని కొమ్మలూ నింపేటన్ని పాయింట్లు రావు. అందుకే ఎక్కడ ఆపాలో ముందే అనుకోవాలి. నేనైతే మొదటి పెర్క్ పాయింట్లను రైఫిల్ వైపు, స్కోప్ దూరాన్ని మార్చుకోనిచ్చే జీరోయింగ్‌కి పెడతాను. రోజూ వాడేది రైఫిలే గదా.

అయితే షాట్‌గన్‌కి ఏమీ లేదా అంటావు. ఉంది, కానీ షాట్‌గన్ చెట్టులో లేదు. చప్పుడు కాకుండా దగ్గరికి చేరడానికి పనికొచ్చే స్టాకర్ స్కిల్స్‌లో సాఫ్ట్ ఫీట్ అని ఒకటుంది. ఆకులూ పొదలూ ఒంటికి రాసుకున్నప్పుడు వచ్చే చప్పుడును అది తగ్గిస్తుంది. షాట్‌గన్ వాడేవాడికి కావలసింది ఇదే. ఎనభై మీటర్ల నుంచి ఇరవైకి చేరుకోగలిగితే పాత డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకి) చాలు. చేరుకోలేకపోతే ఎన్ని పెర్క్‌లున్నా దండగే. గాలి ఎటు వీస్తుందో చూసుకుంటూ, గాలికి ఎదురుగా, వంగి నడిచి వెళ్లు. నీ వాసన జింక వైపు పోతుందంటే నీకంటే ముందే దానికి తెలిసిపోతుంది. దూరం కొలిచే బైనాక్యులర్ షాపులో దొరుకుతుంది. కొత్త తుపాకి కన్నా ముందు అది కొను.

బాతుల వేటే మీకు ప్రాణం అనుకుంటే అప్పుడు షాట్‌గన్ పెర్క్‌ల సంగతి చూడొచ్చు. ఆకాశంలో గుంపు వచ్చినప్పుడు రెండో గుండు ఎంత త్వరగా వేయగలిగామన్నదే లెక్క. తన్ను తగ్గించేది, తూటాలు తొందరగా నింపనిచ్చేది అప్పుడు అక్కరకొస్తాయి. జింకల మీదికి అవి పెద్దగా పనికిరావు. అక్కడ నీకు రెండో అవకాశమే రాదు.

మీ రూమ్మేట్ ఏ లెవెల్‌లో ఉన్నాడో కనుక్కో. నాకు అనుమానంగా ఉంది.

ప్రశ్న: మా మనవడు ఆడే ఆటలో తుపాకులకి ‘పన్నెండు గేజ్’, ‘ఇరవై గేజ్’ అని వస్తున్నాయి. పన్నెండు దేన్ని కొలిచింది? ఇరవై పెద్దదేమో అనుకుంటే చిన్నదంటాడు. పిల్లవాడు నన్ను ఆట పట్టిస్తున్నాడా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: లేదండీ మాష్టారూ, మనవడు సరిగ్గానే చెప్పాడు. ఒక పౌను సీసం తీసుకుని పన్నెండు సమాన గుండ్లు చేశారనుకోండి. అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు గేజ్. ఇరవై గుండ్లు చేస్తే ఒక్కోటి చిన్నదవుతుంది, కాబట్టి గొట్టమూ సన్నమే. పన్నెండు గేజ్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు, ఇరవైది 15.6. మన పక్క పాతకాలం వాళ్లు ‘పన్నెండు బోర్’ అంటారే, అదే ఇది. మధ్యలో ‘నాలుగు వందల పది’ అని ఒకటి తగులుతుంది. అది మాత్రం ఈ లెక్కలో రాదు, అంగుళంలో వెయ్యో వంతుల కొలత. లోపలి వెడల్పు పది మిల్లీమీటర్ల పైచిలుకు. మనవడికి చెప్పండి, ఈసారి మీరే ఆట పట్టించండి.

మా కలిగిరి దగ్గర ఊళ్లో తాతకి లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ ఒకటుండేది. వేరుశనగ చేలో పందులు పడ్డప్పుడు గాలిలోకి పేల్చడానికే వాడేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి పట్టుకోనిచ్చాడు, తూటా లేకుండా. అంత బరువుంటుందని అనుకోలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీసు స్టేషన్‌లో అప్పగించి, ఎన్నికలయ్యాక తెచ్చుకునేవాడు. పేలిన తూటాల డొక్కులు మాకిచ్చేవాడు. వాటిని మూతి దగ్గర పెట్టుకుని ఊదితే ఈల వచ్చేది. గేమ్‌లో తూటా బయటికి పడే చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఆ ఈలే గుర్తొస్తుంది.

ప్రశ్న: బాతు మీద గురి పెట్టి కాలుస్తాను, ఒక్కటీ తగలదు. తుపాకి చెడిపోయిందా, మౌస్ చెడిపోయిందా?
– డిగ్రీ విద్యార్థిని, ఇందుకూరుపేట

జవాబు: రెండూ బాగున్నాయి చెల్లీ. నువ్వు బాతు మీద కాలుస్తున్నావు, బాతు ఉండబోయే చోట కాల్చడం లేదు. చిన్న లెక్క వేద్దాం. బాతు గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోతోందనుకో. అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. గుళ్లు సగటున సెకనుకి 350 మీటర్లు పోతాయనుకుంటే, ముప్పై మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు కన్నా కాస్త తక్కువ పడుతుంది. ఆ లోపు బాతు మీటరున్నర ముందుకి వెళ్లిపోతుంది. అంటే ముక్కుకి మీటరున్నర ముందు ఖాళీ ఆకాశాన్ని కాల్చాలి.

ఎద్దుల బండి వెనకాల పరిగెత్తి ఎక్కినట్టు అనుకో. బండి ఉన్న చోటికి కాదు, బండి వచ్చే చోటికి దూకుతాం. ముఖ్యంగా, ట్రిగ్గర్ నొక్కినాక కూడా తుపాకిని బాతుతో పాటు కదుపుతూనే ఉండు. నొక్కగానే ఆపేస్తే గుళ్లు వెనక పడతాయి. నేను చూసినవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. నేనూ చేశాను.

ప్రశ్న: గేమ్ బాగా వచ్చేసింది. మార్కాపురం వైపు అడవుల్లో నిజంగా ఒకసారి చూడొచ్చా సార్?
– దర్శి నుంచి ఒక కుర్రాడు

జవాబు: అడవికి పో, చూసి రా. తుపాకి మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, జైలుకు పోతావు. పైగా దోర్నాల వైపు పెద్దపులుల రక్షిత ప్రాంతం. ఇక ఆ గేమ్‌లో నేపాల్ అడవుల్ని పోలిన సుందర్‌పటన్ అనే చోటు ఉంది. అక్కడ కృష్ణజింకల్ని కాల్చుకోవచ్చు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకేనని తెలిశాక నాకు అక్కడ ట్రిగ్గర్ మీద వేలు పడలేదు, నవ్వుకుంటే నవ్వుకో.

షాట్‌గన్ పేల్చాలనే కోరిక తీరాలంటే మట్టి పళ్లాలను ఎగరేసి కాల్చే క్రీడ ఉంది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ ఆ క్రీడలోనే ఒక రకమైన డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చాడు. దానికి లైసెన్సులు, రేంజిలు, తూటాల ఖర్చు చాలా ఉంటాయి. ముందు ఇంట్లో మాట్లాడుకో.

ప్రశ్న: రాత్రి పన్నెండు దాటాక మా అబ్బాయి గదిలోంచి బాతుల అరుపులు. మొదటి రోజు నిజంగా దొడ్లో బాతు చొరబడిందేమో అని లైటేసుకుని వెళ్లాను. అది గేమ్ అంట. మా ఆయనకి బీపీ, నిద్ర పట్టదు. ఏం చేయమంటారు?
– ఒంగోలు నుంచి ఒక తల్లి

జవాబు: అది బాతు పిలుపు పీక అమ్మా. ఆటలో బాతుల్ని దగ్గరికి రప్పించడానికి దాన్ని ఊదుతూ ఉండాలి, ఒకసారితో రావు. వాడి వైపు న్యాయం ఉంది, మీవైపు నిద్ర ఉంది. అయిదారు వందల్లో ఒక వైర్ హెడ్‌ఫోన్ కొనివ్వండి. వాడికీ లాభమే. జింక అడుగుల చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో స్పీకర్లో తెలియదు, చెవిలో తెలుస్తుంది. తగిలించుకున్నాక స్పీకర్ వైరు పీకి మీ బీరువాలో పెట్టి తాళం వేయండి. లేకపోతే రెండు రోజులు బాగుండి, మూడో రోజు రాత్రి మళ్లీ బాతు వస్తుంది.