సూది సంగతి తర్వాత, ముందు ట్యాపెట్ చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. పదకొండేళ్ల క్రితం నేనూ దాదాపు ఇవే మాటల్లో అడిగాను. మోడల్ విమానానికి సెకండ్ హ్యాండ్‌లో 70 సైజు ఫోర్‌స్ట్రోక్ గ్లో ఇంజన్ కొన్నారు. ఐడిల్‌లో బాగానే తిరుగుతోంది, థ్రాటిల్ గబుక్కున తెరిస్తే దగ్గి ఆగిపోతోంది. పైనుంచి టకటకమని శబ్దం. రెండుసార్లు ప్రాప్ (ప్రొపెల్లర్) నట్టు దానంతటదే వదులైంది. "సూది ఎన్ని చుట్లు తిప్పాలి?" అని అడిగారు. సూది అంటే కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని ఎక్కువ తక్కువ చేసే స్క్రూ.

ప్రస్తుతానికి ఒక్క చుట్టు కూడా తిప్పకండి.

టూస్ట్రోక్ మీద చెయ్యి తిరిగినవాళ్లకి ఏం తేడా వచ్చినా వేళ్లు సూది మీదికే పోతాయి. అక్కడ అది సరే, సరిచేయడానికి అందులో వేరే ఏముంది గనక. ఫోర్‌స్ట్రోక్ అలా కాదు. పేరుకు 11.5 సీసీనే గానీ లోపల క్యామ్, పుష్‌రాడ్‌లు, రాకర్లు, రెండు వాల్వులు, వాటి స్ప్రింగులు అన్నీ ఉంటాయి. పాత బుల్లెట్ ఇంజన్‌ని అరచేతిలో పట్టేంత చేసినట్టు. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే మీరు సూదిని రాత్రంతా తిప్పినా లాభం లేదు.

బుల్లెట్ అని ఊరికే అనలేదు. నా మొదటి ఫోర్‌స్ట్రోక్ ఇలాగే మొండికేస్తే, విసుగొచ్చి సికింద్రాబాద్‌లో మా బండి రిపేరు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ప్రాప్‌ని వేలితో అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, "సార్, దీనికి ట్యాపెట్ లూజుంది, వినబడట్లేదా?" అన్నాడు. అంటే వాల్వుకీ, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య గ్యాప్ ఎక్కువుందని. అప్పటికి నేను మూడు వారాలుగా సూదితో కుస్తీ పడుతున్నాను. "బుల్లెట్‌కైతే పుష్‌రాడ్ వేళ్లతో ఫ్రీగా తిరిగితే చాలు సార్, దీనికేమో గొట్టంలో దాచేశారు" అని ఆయనే వాపోయాడు. గొట్టంలో ఉంది కాబట్టే మనకి ఫీలర్ గేజ్ (సన్నటి సందుల్ని కొలిచే లోహపు ఆకుల సెట్టు) కావాలి.

దానికంటే ముందు ఒక చిన్న పరీక్ష. ఇంజన్ చల్లగా ఉండాలి, ప్లగ్గు బిగించే ఉండాలి, దానికి గ్లో బ్యాటరీ (స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్గు తీగని వేడి చేసేది) తగిలించి ఉండకూడదు, ట్యాంకు పైపు పీకేసి ఉండాలి. ప్రాప్‌ని మెల్లగా తిప్పి, కంప్రెషన్ తగిలిన చోట ఆపి పట్టుకోండి. బాగున్న ఇంజన్ కొన్ని సెకన్ల పాటు రబ్బరు బంతిలా ఎదురు తోస్తుంది. బుస్సుమని గాలి పోతుంటే ఎక్కడి నుంచో వినండి. కార్బ్యురేటర్ మూతి నుంచైతే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ నుంచైతే ఎగ్జాస్ట్ వాల్వు, కింద క్రాంక్‌కేస్‌కి ఉండే చిన్న బ్రీదర్ గొట్టం నుంచైతే పిస్టన్ రింగు. ప్లగ్గు చుట్టూ రెండు చుక్కల నూనె వేస్తే, అక్కడ లీకుంటే బుడగలొస్తాయి. మొత్తం రెండు నిమిషాల పని.

ఇక ట్యాపెట్. ఈ ఇంజన్లు తయారుచేసే కంపెనీల్లో ఓ.ఎస్. వాళ్లు చల్లటి ఇంజన్ మీద 0.04 నుంచి 0.10 మి.మీ. గ్యాప్ ఉండాలంటారు, సైతో వాళ్లు 0.03 నుంచి 0.10 అంటారు. మీ ఇంజన్ మాన్యువల్ దొరికితే అందులోని అంకెనే పాటించండి. 0.10 అంటే సుమారుగా మనం ప్రింటర్‌లో పెట్టే ఎ4 కాగితం మందం. ఫీలర్ గేజ్ లేని రోజు నేను కాగితం ముక్కతోనే సరిపెట్టాను గానీ కాగితం నలుగుతుంది, దాన్ని నమ్మలేం. ఆటోమొబైల్ షాపులో దొరికే మామూలు గేజ్ సెట్టులో సన్నటి ఆకులున్నాయో లేదో చూసి కొనండి. చాలా సెట్లు 0.05 దగ్గర మొదలవుతాయి, అదీ పనికొస్తుంది.

ప్లగ్గు విప్పండి, ప్రాప్ తేలిగ్గా తిరుగుతుంది. రాకర్ కవర్ రెండు స్క్రూలు తీసి పక్కన ఒక మూతలో వేసుకోండి, దొర్లి పోతే మళ్లీ దొరకవు. ఇప్పుడు ప్రాప్‌ని ఇంజన్ మామూలుగా తిరిగే వైపే తిప్పుతూ రాకర్లను చూడండి. ఎగ్జాస్ట్ రాకర్ దిగి లేస్తుంది, వెంటనే ఇన్‌లెట్ రాకర్ దిగి లేస్తుంది. ఇన్‌లెట్ పూర్తిగా లేచాక ఇంకో అర చుట్టు లోపే పిస్టన్ పైకి చేరుతుంది, అక్కడ ఆపండి. అదే కంప్రెషన్ టాప్. ఇక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, రెండు రాకర్లూ వేలితో కదిపితే పిసరంత ఆడతాయి.

పిస్టన్ పైకొచ్చే చోటు ఇంకోటి ఉంది. ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ ఉండే చోటు. అప్పుడు రెండు వాల్వులూ కొద్దిగా తెరిచే ఉంటాయి. నేను మొదటిసారి చక్కగా అక్కడే పెట్టి గ్యాప్ సెట్ చేశాను. కవర్ బిగించి స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్‌లో గులకరాళ్లు వేసినట్టు శబ్దం, పవర్ సగానికి పడిపోయింది. రాకర్ ఆడట్లేదంటే మీరు తప్పు చోట ఉన్నారన్నమాట. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

సరైన చోట ఆగాక, రాకర్ మీద ఉన్న బుల్లి లాక్ నట్టుని స్పానర్‌తో వదులు చేసి, మధ్యలో ఉన్న స్క్రూని అలెన్ కీతో తిప్పాలి. వాల్వు కాడకీ రాకర్ ముక్కుకీ మధ్య 0.05 ఆకు పెట్టి, దాన్ని లాగుతుంటే వెన్నలోంచి బ్లేడు తీసినట్టు కొంచెం పట్టి రావాలి. ఇరుక్కోకూడదు, జారిపోకూడదు. అసలు తంటా అంతా ఆ తర్వాతే. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటు తిరిగి గ్యాప్ మారిపోతుంది. అలెన్ కీని కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి, బిగించాక ఆకు పెట్టి మళ్లీ చూడండి. నాకు ఇప్పటికీ రెండు మూడుసార్లు చేస్తే గానీ కుదరదు. నట్టుని గట్టిగా బిగించడానికి పోయి స్క్రూ మరలు పాడుచేసుకున్నవాళ్లని చూశాను, అది బుల్లెట్ కాదని గుర్తుంచుకోండి.

చల్లగా ఉన్నప్పుడే ఎందుకంటే, అల్యూమినియం సిలిండర్ వేడికి స్టీలు పుష్‌రాడ్ కంటే ఎక్కువ సాగుతుంది, దాంతో గ్యాప్ పెరుగుతుంది. ఫ్లైట్ అయ్యాక వేడి మీద కొలిచి "అయ్యో ఎక్కువుంది" అని తగ్గించారనుకోండి, చల్లారాక వాల్వు మూసుకోదు.

మీ టకటక చాలావరకు ఇక్కడే తగ్గిపోవాలి. థ్రాటిల్ తెరవగానే దగ్గడానికి మాత్రం ఇంకో రెండు అనుమానాలున్నాయి. మొదటిది గాలి లీకు. కార్బ్యురేటర్‌ నుంచి సిలిండర్ హెడ్‌కి వెళ్లే ఇన్‌టేక్ గొట్టానికి రెండు చివర్లా ఓ-రింగులో గాస్కెట్టో ఉంటాయి. పాత ఇంజన్లలో అవి ఎండిపోయి బిస్కెట్ల మాదిరి విరుగుతాయి. అక్కడ గాలి లాగుతుంటే ఐడిల్ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంటుంది. ట్యాంకులో క్లంక్‌కి (ఇంధనం పీల్చే గొట్టం చివర ఉండే బరువు ముక్క) ఉన్న గొట్టం చిరిగినా అంతే, కొత్తది వేయండి. రెండోది ప్లగ్గు. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకసారే మంట, మధ్యలో ప్లగ్గు చల్లబడిపోతుంది. అందుకే ఓ.ఎస్. ఎఫ్ టైపులాంటి వేడి ప్లగ్గే వాడాలి. ఐడిల్‌లో గ్లో బ్యాటరీ తీయగానే ఆర్‌పీఎం బాగా పడిపోతుంటే ముందు ప్లగ్గు మార్చి చూడండి. అమ్మినాయన టూస్ట్రోక్ ప్లగ్గు పెట్టి అమ్మి ఉండొచ్చు, నాకు అలాగే జరిగింది.

ఇవన్నీ అయ్యాక సూది దగ్గరికి రండి. విమానాన్ని గట్టిగా కట్టేసి, వేడెక్కాక ఫుల్ థ్రాటిల్‌లో మెయిన్ సూదిని మెల్లగా మూస్తూ పోతే ఆర్‌పీఎం పెరిగి ఒకచోట ఆగుతుంది. అక్కణ్ణుంచి 300 నుంచి 400 దాకా తగ్గేలా మళ్లీ తెరవండి. చెవిని నమ్ముకోకండి. టూస్ట్రోక్‌లో రిచ్ (ఇంధనం ఎక్కువ) నుంచి లీన్‌కి (ఇంధనం తక్కువ) మారుతుంటే గొంతు మారడం స్పష్టంగా తెలుస్తుంది, ఇందులో తెలియదు. టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచే మీటరు) తప్పనిసరి. (చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు ముందు దాన్ని రెండు రెక్కల ప్రాప్ సెట్టింగులో పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి 3000 చూపించాలి. చూపిస్తే మీ మీటరు మంచిదే. ఎల్‌ఈడీ లైట్ల ముందు ఇది కుదరదు.) తర్వాత ముక్కు పైకెత్తి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి, ఆర్‌పీఎం కుంగితే ఇంకాస్త తెరవాలి.

పైది కుదిరాకే లో-స్పీడ్ స్క్రూ, అంటే ఐడిల్‌లో ఇంధనాన్ని సరిచేసేది. ఐడిల్‌లో ఇంధనం పైపుని వేళ్లతో నొక్కి పట్టుకోండి. వెంటనే ఆగిపోతే లీన్, కాసేపు వేగం బాగా పెరిగి ఆపైన ఆగితే రిచ్. కొద్దిగా పెరిగి ఆగడం సరైనది. దగ్గులోనూ తేడా ఉంది. గరగరలాడుతూ పొగ కక్కి ఆగితే రిచ్, స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే లీన్. మీది ఏ రకమో రాయలేదు. ఒకేసారి స్క్రూని పావు చుట్టులో సగం కంటే ఎక్కువ తిప్పకండి.

ప్రాప్ నట్టు వదులవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఫోర్‌స్ట్రోక్ మరీ లీన్‌లో నడిస్తే పిస్టన్ పైకి రాకముందే లోపల అంటుకుని ఎదురు తంతుంది. ఆ తన్నుకి ప్రాప్ బరువు తోడై నట్టు ఊడుతుంది. ఓ ఆదివారం పొద్దున నా 91 ఇంజన్ టక్కుమని తన్ని, ప్రాపూ, దాని ముందుండే టోపీలాంటి స్పిన్నరూ కలిసి గిర్రున నా భుజం పక్కనుంచి వెళ్లి పదిహేను అడుగుల దూరంలో గడ్డిలో పడ్డాయి. ఆ రోజు నుంచి ప్రాప్‌కి ఎదురుగా గానీ, అది తిరిగే వరసలో పక్కన గానీ నిలబడను, ఎవరినీ నిలబడనివ్వను. సూది తిప్పడం కూడా వెనక నుంచే. డబుల్ నట్టు కచ్చితంగా వేయాలి, మెయిన్ నట్టు మీద లాక్ నట్టు. మీ ఇంజన్‌తో అది రాకపోయి ఉంటే అసలు వదులవడానికి సగం కారణం అదే. చెక్క ప్రాప్ అయితే రెండు ఫ్లైట్లకోసారి నట్టు చూసుకోండి, చెక్క నలిగి వదులవుతుంది.

ఇక ఇంధనం. మనం వాడేది మిథనాల్‌లో నూనె, కాస్త నైట్రోమీథేన్ (నైట్రో) కలిపినది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు, ఈ హాబీలో మాత్రం అది నిజంగానే మహావృక్షం. మామూలు ఇంజనాయిల్ మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది, బాగా వేడెక్కినా లోహాన్ని వదలదు. కాకపోతే కాలి గోధుమరంగు లక్కలా అంటుకుంటుంది, రింగుని ఇరికించేస్తుంది. అందుకే నేను మొత్తం నూనె 18 శాతం ఉండేలా, అందులో కొంత ఆముదం, మిగతాది సింథటిక్ ఉన్న ఇంధనం వాడతాను, నైట్రో 10 శాతం. కిరాణా కొట్లో దొరికే వంటాముదంతో ప్రయోగాలు వద్దు. గింజల్ని వేయించి దంచి నీళ్లలో మరగబెట్టి తీసేది అది, తేమా మడ్డీ ఉంటాయి. మిథనాల్ విషం, కల్తీ సారాలో కళ్లు పోగొట్టేది ఇదే. పగటి ఎండలో దాని మంట కనపడదు కూడా. డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉంచండి, వానాకాలంలో గాలిలోని తేమనంతా లాగేసుకుంటుంది.

ఆ తేమే బేరింగుల పాలిట యముడు. ఫోర్‌స్ట్రోక్‌లో కింది బేరింగులకి వేరే నూనె ఉండదు, రింగు పక్కనుంచి జారే ఇంధనమే వాటికి దిక్కు. అందులో కాలిన నైట్రో తాలూకు ఆమ్లం కూడా ఉంటుంది. ఒక వర్షాకాలం నా ఇంజన్ని అలాగే పెట్టెలో పడేసి దీపావళికి తీస్తే, ప్రాప్ తిప్పుతుంటే ఇసుకలో తిప్పినట్టు గరగర. రాణిగంజ్‌లో వెర్నియర్ కొలతలు చెప్పి బేరింగులు తెచ్చుకున్నాను. క్రాంక్‌కేస్‌ని ఓవెన్‌లో 150 డిగ్రీలకి వేడి చేసి చెక్క మీద తడితే పాతది రాలింది. అక్కడిదాకా బాగానే ఉంది గానీ, క్యామ్ గేరు తిరిగి పెట్టేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చి సాయంత్రమంతా కార్బ్యురేటర్‌లోంచి పాప్ పాప్ అని తిరిగి ఊదింది. క్యామ్ కవర్ తీసేటప్పుడు మార్కు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఓవెన్ విషయంలో మా ఇంట్లో ఎంత గొడవైందో రాయను.

కాబట్టి ఆఖరి ఫ్లైట్ అవగానే పైపు పీకి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. ప్లగ్గు తీసి లోపల నాలుగు చుక్కలు, బ్రీదర్ గొట్టంలోంచి ఇంకో అయిదారు చుక్కలు ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) వేసి చేత్తో పది చుట్లు తిప్పండి. బ్రీదర్‌లో వేయడం అందరూ మర్చిపోతారు, బేరింగులున్నది అక్కడే. ఏటీఎఫ్ సిలికాన్ గొట్టాల మీద పడితే తుడిచేయండి, ఉబ్బుతాయి. చివరగా ఇందాక చెప్పిన కంప్రెషన్ టాప్‌లో ఆపి పెట్టేయండి, రెండు వాల్వులూ మూసి స్ప్రింగుల మీద భారం ఉండదు.

ముందు ఆ బుస్సు శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో, దగ్గు పొగతో వస్తోందో టక్కున ఆగుతోందో చూసి కింద రాయండి. బ్రీదర్ నుంచి వస్తోందంటే రింగు ఆముదం లక్కలో ఇరుక్కుని ఉండొచ్చు, దాన్ని కూలెంట్‌లో ఉడకబెట్టి వదిలించే పద్ధతి విడిగా చెప్తాను. దానికి ఒక పాత గిన్నె వెతికి పెట్టుకోండి, మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడనిది.