గ్రీన్‌కార్డ్ ఒక్కటే చూసి ఓటు వేయొచ్చా?

సందేహం: టెక్సస్‌లో ఉంటున్నాం. పోయిన నెలే ప్రమాణం చేసి సిటిజన్ అయ్యాను. మా తమ్ముడు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, ఇంకా ఈబీ-2 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో పై చదువులున్నవాళ్ల విభాగం) క్యూలోనే ఉన్నాడు. ఆ క్యూ కదిలిస్తానన్నవాళ్లకే నా ఓటు అనుకుంటున్నాను. మా ఆవిడేమో "ఒక్కదాన్నే పట్టుకుని వేలాడతారా?" అంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఒక్క విషయం మీదే ఓటు వేయడం తప్పేం కాదు. తుపాకుల మీదో అబార్షన్ మీదో అలా వేసేవాళ్లు ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నారు. కాకపోతే ఆ పని ఎవరి చేతిలో ఉందో చూసుకుని వేయాలి. ఎమ్మార్వో ఆఫీసులో తేలాల్సిన పనికి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మీ తమ్ముడి సంగతే చూడండి. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ దేశానికైనా అందులో 7 శాతమే. ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే దాదాపు 40,000. దాంట్లో 7 శాతం కడితే ఇండియాకు వచ్చేది 2,800 చిల్లర. వేరే దేశాలవాళ్లు వాడుకోకుండా మిగిల్చినవి వస్తే కొన్ని ఎక్కువ పడతాయి. భార్యాపిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు, నలుగురున్న ఇంటికి నాలుగు కార్డులు పోతాయి. ఈ అంకెలు మార్చే అధికారం కాంగ్రెస్‌ది, అంటే హౌస్, సెనేట్ అనే రెండు సభలున్న ఇక్కడి పార్లమెంటుది. ప్రెసిడెంట్ ప్రభుత్వం తనంతట చేయగలిగేవి వేరే ఉన్నాయి: హెచ్-4 వాళ్లలో (హెచ్-1బీ మీదున్నవాళ్ల భార్యాభర్తలు) కొందరికి పని అనుమతి 2015లో ప్రభుత్వ నిబంధనగా వచ్చింది, కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబరులో ప్రకటనగా వచ్చింది. అందుకని క్యూ గురించి హౌస్, సెనేట్ అభ్యర్థులను అడగండి. వీసా నిబంధనల గురించైతే ప్రెసిడెంట్ అభ్యర్థి మాట చూడండి. గవర్నరో మేయరో మన సంఘం భోజనాలకొచ్చి శాలువా కప్పించుకుని క్యూ గురించి మాటిస్తే, నవ్వి ఊరుకోండి.

పార్టీ పేరు చూసి తేల్చుకోవడం ఇంకో పొరపాటు. 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో హౌస్‌లో 365-65తో గట్టెక్కింది. సెనేట్‌లో దాని జోడీ బిల్లు ఎస్.386ను పెట్టింది రిపబ్లికన్ మైక్ లీ, వెనక నిలబడ్డవాళ్లలో డెమోక్రాట్ కమలా హారిస్ ఉన్నారు. అడ్డం పడ్డవాళ్లలోనూ రెండు పార్టీలవాళ్లున్నారు: ఒకసారి రిపబ్లికన్ డేవిడ్ పర్డ్యూ, ఇంకోసారి డెమోక్రాట్ డిక్ డర్బిన్. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ దాటింది గానీ, రెండు సభల బిల్లుల్లో తేడాలు తెమలకుండానే కాంగ్రెస్ గడువు ముగిసింది. బిల్లు అక్కడితో సరి.

ఇందులో ఒక మెలిక ఉంది. హౌస్‌లో పేరుపేరునా ఓటు నమోదైంది. సెనేట్‌లో మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడంతో ఓటింగ్ లేకుండానే అయిపోయింది. అప్పటి సెనేటర్ ఎవరైనా "నేను ఓటేశాను" అంటే, అది అడ్డు చెప్పకపోవడం వరకే. కాంగ్రెస్.గవ్‌లో బిల్లు నంబరు కొట్టి 116వ కాంగ్రెస్ ఎంచుకోండి. కోస్పాన్సర్ల (బిల్లుకు మద్దతుగా పేరు చేర్చుకున్న సభ్యుల) జాబితాలో పేరుందా, పక్కన తేదీ ఎప్పటిది, మొదటి రోజా, ఎన్నికల ముందా అన్నది చూడండి. కొత్త అభ్యర్థికి రికార్డు ఉండదు కాబట్టి సూటిగా అడగండి: "7 శాతం పరిమితి ఒక్కటే తీసేసే బిల్లు వస్తే ఓటేస్తారా?" సమగ్ర వలస చట్ట సంస్కరణలో భాగంగా చూస్తామని జవాబొస్తే, విడిగా వేయరని అర్థం చేసుకోవడమే మంచిది.

ఇక మీ ఆవిడ మాటకొద్దాం. బ్యాలెట్ మీద కాంగ్రెస్ సీటు కాక జడ్జీలు, కౌంటీ పదవులు బారెడు ఉంటాయి. స్కూల్ బోర్డు, నీళ్లూ డ్రైనేజీ చూసే మడ్ డైరెక్టర్ల ఎన్నికలు చాలాచోట్ల మే నెలలో విడిగా వస్తాయి. టెక్సస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఆ బరువంతా ప్రాపర్టీ ట్యాక్స్ మీదే పడుతుంది, అందులో పెద్ద ముక్క సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అక్కడ గ్రీన్‌కార్డ్ కొలబద్ద పనికిరాదు, బాండ్లు, పన్ను రేటు చూడాలి. ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి 2020 నుంచి ఇక్కడ లేదు. తెలియని పోటీని ఖాళీగా వదిలేస్తే మిగతా ఓట్లు చెల్లకుండా పోవు. ముందే సాంపుల్ బ్యాలెట్ చూసుకుని పేర్లు కాగితం మీద రాసుకెళ్లండి, పోలింగ్ గదిలో ఫోన్ తీయనివ్వరు.

మీ ఒక్క అంశానికి నిజంగా బరువుండేది ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని తేల్చుకునే ఎన్నికలో. చాలా సీట్లు ఏదో ఒక పార్టీకి ఖాయం, అసలు పోటీ మార్చిలోనే ముగుస్తుంది, ఓటేసేవాళ్లూ తక్కువ. టెక్సస్‌లో పార్టీ నమోదు ఉండదు, ఏ పార్టీ ప్రైమరీలోనైనా వేయొచ్చు. అయితే ఎవరికీ సగం దాటక రనాఫ్ (రెండో విడత పోటీ) వస్తే మళ్లీ అదే పార్టీలో వేయాలి. ప్రమాణం చేసినంత మాత్రాన ఓటరు జాబితాలోకి ఎక్కరు, ఎన్నికకు 30 రోజుల ముందే విడిగా నమోదు చేసుకోవాలి.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే "నో" అనాలి. పొరపాటున టిక్ పెట్టి తర్వాత ఓటు కూడా వేస్తే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది. హెచ్-1బీ మీద ఉండగా అభ్యర్థికి చందా ఇవ్వకూడదు. తన డబ్బు మీ పేరు మీద ఇప్పిస్తే అదీ నేరమే, ఇద్దరూ ఇరుక్కుంటారు. జీతం తీసుకోకుండా ఇంటింటికీ తిరిగి ప్రచారం చేయొచ్చు. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం సిటిజన్ అయ్యాకే.