ఐదో బోరు

ప్రశ్న: సార్, మాది కదిరి దగ్గర పల్లె. నేను పెళ్లై ధర్మవరంలో ఉంటున్నాను. నాయనకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. చెట్లకు పదకొండేళ్లు. పాత బోరు ఎండిపోయాక రెండేళ్లలో నాలుగు బోర్లు వేయించాడు. మూడింట్లో దుమ్మే వచ్చింది. ఒకదాంట్లో ఇంచు నీళ్లు పడ్డాయి గానీ ఎండాకాలం గంట పోసి ఆగిపోతుంది. నాలుగున్నర లక్షలు ఖర్చయ్యాయి. ఇప్పుడు ఐదోది వేస్తానంటున్నాడు. "ఇంత పెట్టి ఇప్పుడు ఆపితే పెట్టిందంతా మట్టిపాలే కదా" అంటాడు. "నాలుగు పోయినాయి, ఐదోది కచ్చితంగా పడుతుంది" అని తమ్ముడు వంత పాడుతున్నాడు. నా గాజులు కుదువ పెడదామన్నారు. ఇవ్వనన్నానని నాయన మాట్లాడటం మానేశాడు. ఆయనకు ఎట్లా చెప్పాలి సార్?

— ఒక కూతురు, ధర్మవరం

జవాబు: అమ్మా, ముందు గాజుల సంగతి. అవి నీవి. ఇవ్వనన్నందుకు నువ్వు కుమిలిపోవద్దు.

నేను పుట్టింది పెనుకొండ పక్క పల్లెలో. పదో తరగతిలో ఉండగా మా నాన్న బోరు వేయించాడు. మూడు వందల అడుగులు దాటకూడదని అమ్మతో ముందే అనుకున్నాడు. సాయంత్రం బోరు లారీ వచ్చింది. మా నాన్న పక్కనే గొంతుక్కూర్చుని, రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చిన పిండిని పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలితో నలిపి చూసేవాడు, తేమ తగులుతుందేమోనని. మూడు వందలు వచ్చేసరికి లారీ అతను "ఏం చేద్దామన్నా?" అని అడిగాడు. "ఇంకో రెండు రాడ్లు దించు" అన్నాడు మా నాన్న. తెల్లారేదాకా అదే మాట. లోతు పెరిగేకొద్దీ అడుక్కి రేటు కూడా పెరుగుతుందని ఆయనకు తెలుసు. ఐదు వందల ఇరవై దగ్గర ఆపాడు. అప్పుడు కూడా ఆయన పిడికిట్లో పొడి పిండే ఉంది.

తర్వాత ముప్పై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పాను. మనిషి నిర్ణయాల మీద పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ పిడికిలే కళ్ల ముందుకొచ్చేది.

డేనియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ఒక పరిశోధన అచ్చువేశారు. అందులో 95 మందిని ఒక ప్రశ్న అడిగారు. కచ్చితంగా 3000 పోగొట్టుకుంటారా, లేకపోతే ఒక పందెం కాస్తారా? పందెంలో 4000 పోయే అవకాశం నూటికి 80, ఏమీ పోకుండా బయటపడే అవకాశం నూటికి 20. లెక్క ప్రకారం పందెంలో సగటున పోయేది 3200, అంటే నష్టం ఎక్కువే. అయినా నూటికి 92 మంది పందేన్నే కోరుకున్నారు. అవే అంకెలతో, పోయే డబ్బుకు బదులు వచ్చే డబ్బు గురించి అడిగితే నూటికి 80 మంది పందెం వద్దని కచ్చితంగా వచ్చే 3000 చాలన్నారు. పందేలు కాసే స్వభావం లేనివాళ్లు కూడా నష్టంలో నిలబడ్డప్పుడు పందేనికి దిగుతారన్నమాట. మీ నాయన మొండివాడని నువ్వు అనుకోవద్దు. ఇప్పుడు ఆపితే నాలుగున్నర లక్షలు పోయాయని తన నోటితో తనే ఒప్పుకోవాలి. ఐదో బోరు వేస్తున్నంతకాలం ఆ మాట అనక్కర్లేదు. ఆ డబ్బు మాత్రం ఐదోది వేసినా రాదు, వేయకపోయినా రాదు.

ఇక తమ్ముడి మాట. నాణెం ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మ పడిందని ఐదోసారి బొరుసు పడి తీరాలని లేదు. 1913లో ఐరోపాలోని మాంటీ కార్లో జూదశాలలో, గోళీ ఎరుపు గడిలోనో నలుపు గడిలోనో ఆగే చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు పడింది. ఈసారి ఎరుపే అని కాసినవాళ్లు కాసినంతా పోగొట్టుకున్నారు. మీ పొలం నాణెం లాంటిది కూడా కాదమ్మా. మన వైపు గట్టి రాతినేలలో నీళ్లుండేది పైనున్న మెత్తబడ్డ రాతిపొరలో, దాని కింద పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ మామూలుగా ఆ పగుళ్లు తగ్గిపోతాయి. ఒకే నాలుగెకరాల్లో మూడు చోట్ల దుమ్ము లేచిందంటే కింద పగుళ్లు తక్కువని ఆ నేలే చెబుతోంది. ఐదోదానికి ఆశ పెరగలేదు, తగ్గింది. తమ్ముడికి ఈ మాట విడిగా చెప్పు, నాయన ముందు వద్దు.

నాయనతో మాట్లాడేటప్పుడు "నేను ముందే చెప్పాను కదా" అనే మాట నీ నోట రాకూడదు. మొదటి బోరు వేసిన రోజున ఆయన చేసింది తప్పు కాదు. పాత బోరు అన్నేళ్లు నీళ్లిచ్చింది, చెట్లు కాపు మీదున్నాయి, ఆ స్థితిలో ఎవరైనా వేస్తారు. ఆలోచించి చేసిన పని కూడా ఒక్కోసారి ఫలించదు. ముందు ఈ మాట ఆయనకు నీ నోటి నుంచి వినపడాలి.

తర్వాత ఆయన్ని ఇట్లా అడుగు: "నాయనా, మూడు ఎండు బోర్లున్నాయని తెలిసే ఈ తోటను ఇవాళ కొన్నామనుకో. చేతిలో ఒక బోరుకయ్యే డబ్బుంది. దేనికి పెడతావు?" జవాబు నువ్వు చెప్పొద్దు. ఆ రాత్రికి వదిలెయ్. పొద్దున్నే ఆయనతో పాటు తోటలోకి నడువు. ఆ ఇంచు నీళ్లను తొట్టిలో నింపుకుని డ్రిప్ పెడితే ఎన్ని చెట్లు బతుకుతాయో, ఏ వరస వదులుకోవచ్చో ఆయన్నే చెప్పమను. పదకొండేళ్లు పెంచిన చెట్లు. ఏది ఉండాలో చెప్పే హక్కు ఆయనదే. ఉద్యానశాఖ అధికారిని కూడా ఒకసారి పిలిపించండి.

అంతా విని కూడా తన డబ్బుతోనే వేస్తానంటే అడ్డం పడొద్దు. అయితే కొబ్బరికాయ చేత పట్టి నీళ్లెక్కడున్నాయో చెప్పేవాళ్ల మాట మీద కాకుండా భూగర్భ జలశాఖ సర్వే చేయించాకే పాయింట్ పెట్టించండి. లారీ ఊళ్లోకి రాకముందే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో నాయన చేతే కాగితం మీద రాయించు. ఆ కాగితం తమ్ముడి జేబులో ఉండాలి. అర్ధరాత్రి "ఇంకో రెండు రాడ్లు" అన్నప్పుడు తీసి చూపించాల్సింది వాడే.